నా వైపు కూడా బ్రేకుంది

అభయారణ్యం గేటు పక్కన కాపలా గది. బల్ల మీద అట్టపెట్టె, అందులో జింకపిల్ల. సాయంత్రం అయిదు కావస్తోంది.

"ఎత్తుకురావడం ఏంటండీ గార్డు గారూ, ఆ మాటేంటి? కాపాడి తెచ్చాం. ఎండలో ఒక్కతే పడుంటే పాపం అనిపించింది."

"ఎవరి నుంచి కాపాడారు మాస్టారూ?"

"ఎవరి నుంచంటే... నేను మాస్టార్నని మీకెవరు చెప్పారు?"

"మీ కారు నెత్తి మీద బోర్డుందిగా, డ్రైవింగ్ స్కూలని."

"ఓ, అదా. అవును, పన్నెండేళ్ల నుంచి నేర్పుతున్నా. మా ఊళ్లో సగం మంది నా దగ్గరే నేర్చుకున్నారు."

"అయితే దారులూ మలుపులూ మీకు బాగా గుర్తుంటాయి. చెప్పండి, దీన్ని ఎక్కడ ఎత్తుకొచ్చారు?"

"మళ్లీ అదే మాట. రోడ్డు పక్కన."

"రోడ్డు పద్దెనిమిది కిలోమీటర్లుంది మాస్టారూ."

"పక్కనే, గడ్డిలో. కదలకుండా మెదలకుండా పడుంది. తల్లి వదిలేసి పోయిందనుకున్నాం."

"వదిలేసి పోదు. పడుకోబెట్టి పోతుంది. ఈ ఈడు పిల్ల తల్లి వెంట పరిగెత్తలేదు. అందుకని దీన్ని గడ్డిలో దాచేసి అది మేతకి పోతుంది. మధ్యమధ్య వచ్చి పాలిచ్చి పోతుంది. ఇదేమో చెప్పిన మాట విన్నట్టు రాయిలా పడుంటుంది. ఈలోగా మీలాంటి దయగలవాళ్లు వచ్చి, అయ్యో అనాథ అని ఎత్తుకొచ్చేస్తారు. ఏడాదికి నాలుగైదు వస్తాయి నాకు ఇలాంటి దత్తతలు."

"ముట్టుకోవద్దని ఒక బోర్డు పెట్టొచ్చుగా మరి."

"పెట్టాం. పొద్దున మీరు దానికే ఆనుకుని ఫోటో దిగారు."

"సరే, తెలియక చేశాం. ఇప్పుడేం మునిగిపోయింది? అది బాగానే ఉంది, మీకు అప్పజెప్పాం. మేం బయల్దేరతామండీ, మా చిన్నాడికి ఒంట్లో బాలేదు."

"కూర్చోండి. కూర్చుని నేను చెప్పేది వినండి. దీనికి రెండే దారులున్నాయి. వాళ్లమ్మ బతికుంటే, ఎక్కడ ఎత్తారో సరిగ్గా అక్కడే, చీకటి పడకముందే వదిలేయాలి. తల్లి వెతుక్కుంటూ ఆ చోటికే వస్తుంది. ఇంకో చోట వదిలితే దానికెలా తెలుస్తుంది? అదే వాళ్లమ్మ లేదనుకోండి, గడ్డిలో వదలడం అంటే నక్కలకి వడ్డించడమే. తెల్లారేసరికి బొచ్చు కూడా మిగలదు. అప్పుడు దీన్ని జంతువుల ఆస్పత్రికి పంపాలి. అక్కడ సీసాతో పాలు పట్టి పెంచుతారు. డాక్టరుగారి బండి ఇవాళ ఇక్కడే ఉంది, ఇంకాసేపట్లో పోతుంది. అందుకే అడుగుతున్నా. ఎక్కడ? వాళ్లమ్మ కనబడిందా?"

"కనబడలేదు."

"ఎక్కడ?"

"మూడో మలుపు దగ్గర. కాదు కాదు, నాలుగోదనుకుంటా."

"నాలుగో మలుపు దగ్గర మొన్ననే గడ్డి కొట్టేశాం. అక్కడ బల్లి కూడా దాక్కోలేదు."

"అయితే మూడోదే."

"గడ్డి ఎక్కడ లేదో నేను చెప్పాక గుర్తొచ్చిందా?"

"ఏమండీ, వీడికి ఇంకో చొక్కా ఉందా కార్లో? ఉన్న రెండూ అయిపోయాయి. బుడ్డోడా, గోడ పట్టుకోకు, దేన్నీ పట్టుకోకు. చేతులు పైకెత్తి నిలబడు."

"ఇదిగో, మా ఆవిడ వచ్చింది. చూశారుగా, పిల్లాడు ఎలా ఉన్నాడో."

"అమ్మా, రండి. మీరూ కార్లో ఉన్నారా?"

"లేనండీ. వీడు కారెక్కితే చాలు, వాంతి. గేటు దగ్గరే దిగిపోయి, నేనూ వీడూ ఆ విశ్రాంతి షెడ్లో ఉండిపోయాం. ఆయనా పాపా ఇద్దరే వెళ్లారు. మీరేమీ అనుకోకపోతే ఒక మాట గార్డు గారూ, ఆ షెడ్డు వెనక బాత్రూము కడిగి ఎన్నాళ్లయింది?"

"పొద్దున్నే కడిగించా."

"పొద్దున్నా? మధ్యాహ్నానికే అలా చేశారా జనం? నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తానండీ. తెల్లారి లేస్తే డబ్బాల్లో మనుషుల మలమూత్రాలు చూసే బతుకు నాది. అలాంటిది నేనే ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తా. గోడలకి కూడా అంటించి పోయారు. అదేం సరదా?"

"సరదాకే వస్తారు కదమ్మా అందరూ."

"బయటికొస్తే ఒక కోతి. ఎవరో చంటిపిల్లాడి డైపరు పొదలో గిరాటేశారు. అది దాన్ని చింపి, లోపలిది వేలితో తీసి..."

"అబ్బా, చెప్పకే. ఇక్కడెందుకవన్నీ."

"ఎందుకు చెప్పొద్దు? అది చూసే వీడు రెండో చొక్కా కూడా పాడుచేశాడు. ఆ పక్కన ఒకాయన నీళ్ల మడుగులో మొసలి కదలట్లేదని రాళ్లు విసురుతున్నాడు. టికెట్టు కొన్నాను కదా కదలదేం అంటాడు. పిల్లలేమో పక్కన చప్పట్లు. ఛీ. జంతువుల్ని చూపిద్దామని పిల్లల్ని తీసుకొస్తే చూపించింది మనుషుల్ని."

"పులి ఎన్నింటికి వస్తుందని నన్ను రోజూ అడుగుతారమ్మా. ఏదో బస్సులాగా."

"ఈ రోత మొత్తం మీద ఒక్క మంచి ముక్క విన్నానంటే ఈయన ఫోను. జింకపిల్లని కాపాడాం అన్నాడు. ఆ షెడ్లో ఎవరో ఆవిడకి కూడా చెప్పుకున్నా, మా వారు అని. ఇదేనా? అయ్యో, ఇంత చిన్నదా. కాళ్లు చూడండి, అగ్గిపుల్లల్లా ఉన్నాయి."

"అమ్మా, పిల్లి."

"పిల్లి కాదు నాన్నా, జింకపిల్ల. ముట్టుకోకు. బుల్లీ, నువ్వేంటి బల్ల వెనక నక్కావు? చెయ్యి తియ్యి పెట్టెలోంచి. తీయమన్నానా?"

"తీస్తే వణుకుతోందమ్మా."

"అమ్మా, మీ వారు దీన్ని ఎక్కడ ఎత్తారో చెప్పట్లేదు. సరైన చోట వదిలితే వాళ్లమ్మ వస్తుంది, లేదంటే ఇది చస్తుంది. అంతే సంగతి. మీరైనా అడగండి."

"అదేంటండీ, చెప్పండి మరి."

"చెప్పానుగా, మూడో మలుపు."

"కాసేపటి కింద నాలుగోది అన్నారమ్మా."

"ఏమండీ, పదేళ్ల కింద ఎవరి కారు ఏ సందులో గోడకి గీసుకుందో చెప్పే మనిషి మీరు. ఇవాళ్టిది గుర్తులేదా?"

"అడవి అంతా ఒకేలా ఉంటుందే. నన్నేం చేయమంటావు?"

"ఫోటో తీసుంటారుగా మాస్టారూ. చూపించండి, వెనకాల చెట్టు చూసి చోటు చెప్పేస్తా. ముప్ఫయ్యేళ్లుగా చూస్తున్నా ఈ చెట్లని."

"తీయలేదు. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది."

"నాన్నా, నేను నీ ఫోన్లో కుక్కపిల్ల ఆట ఆడాగా. ఇప్పుడే."

"బుడ్డోడా, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నోరు మూసుకోవాలి."

"ఆడాగా."

"పిల్లాడు అబద్ధం చెప్పడు మాస్టారూ. ఇంతకీ ఆ ముందు బంపరు అలా వేలాడుతోందేం?"

"అది నేర్చుకునేవాళ్ల కారండీ. అందులో సొట్ట లేని చోటు చూపించండి, మీకు దండం పెడతా."

"సరే. నేను పోయి డాక్టరుగారి డ్రైవర్ని కాసేపు ఆగమని చెప్పొస్తా. మా జీపు కూడా తీయిస్తా. రెండు బండ్లూ గుమ్మం ముందుంటాయి. నేను తిరిగొచ్చేసరికి గుర్తు తెచ్చుకోండి. అమ్మా, మీ మీదే వదిలిపోతున్నా."

"మీరు వెళ్లిరండి గార్డు గారూ, నేను చెప్పిస్తాను."

"సరేనమ్మా, ఇప్పుడే వస్తా."

"వెళ్లిపోయాడు. ఇప్పుడు చెప్పండి. ఏం చేసొచ్చారు?"

"ఏం చేశాను? అందరూ కలిసి నన్ను దొంగని చేస్తున్నారు."

"తేలు కుట్టిన దొంగలా నిలబడితే ఇంకేం చేస్తారు? ఎక్కడ దొరికింది ఇది?"

"నెమ్మదిగా మాట్లాడు. ఆరో కిలోమీటరు దగ్గర గొలుసు కట్టిన దారి ఒకటుంది. అందులో."

"గొలుసు కడితే ఎలా వెళ్లారు?"

"పక్కనుంచి కారు పడుతుంది."

"వెళ్లొద్దని కదా గొలుసు కట్టింది."

"ఎవరూ రారని వెళ్లానే. అందుకే చెప్పలేదు. తెలిస్తే గొడవ చేస్తాడని."

"అంతేనా?"

"అంతే."

"ఎవరూ రాని చోట మీకేం పని?"

"బుల్లి సరదా పడింది."

"దేనికి?"

"ఏదో, పిల్లల సరదా. వదిలెయ్ ఇంక. ఆ దారి సంగతి చెప్పేద్దాంలే, నాలుగు తిడతాడు, పడదాం."

"నీళ్లు నమలకండి. బుల్లీ, ఇలా రా. ఆ చెయ్యి చూపించు. ఇది కాదు, రెండోది. చొక్కా చేతికి ఏంటది?"

"బురద."

"మిమ్మల్ని అడగలేదు, దాన్ని అడుగుతున్నా."

"బురదేనే. గడ్డిలో కూర్చుంది కదా."

"ల్యాబులో నేను పొద్దస్తమానం గొట్టాల్లో పట్టేది బురదనుకుంటున్నారా? ఇది రక్తం. ఎండిపోయి అట్ట కట్టింది. బుల్లీ, నీకెక్కడ తగిలింది?"

"నాకు తగల్లేదు."

"జింకపిల్లకి ఏదన్నా ముల్లు..."

"దాని ఒంటి మీద గీత కూడా లేదు, నేను చూశాను. ఫోనివ్వండి."

"ఎందుకు?"

"ఇవ్వండి."

"చెబుతున్నాగా, ముందు నేను చెప్పేది విను. చూడటం ఎందుకు, నేను చెబుతా."

"చెప్పే ముఖమైతే ఇందాకే చెప్పేవాళ్లు. బుడ్డోడా, నాన్న జేబులోంచి ఫోను తియ్యి. శభాష్. ఇలా తే."

"అది తెరవకు. పిల్లల ముందొద్దు."

"ఇదేనా? ఇవాళ్టిదే. ఇది బుల్లి. ఇదేంటి, డ్రైవరు సీట్లో కూర్చుందేంటి? కింద ఏంటవి?"

"దిండ్లు. కంగారు పడకు. అది నేర్పే కారు కదా. పెడల్సన్నీ నా వైపు కూడా ఉన్నాయి. దాని కాళ్లు అసలు అందవు. దాని చేతిలో ఉన్నది స్టీరింగ్ ఒక్కటే. యాక్సిలరేటరూ నాదే, బ్రేకూ నాదే. రోడ్డు ఖాళీ, ఎదురొచ్చేవాడు లేడు. ఏడేళ్లకే నడిపిందని వీడియో తీసి స్కూలు పేజీలో పెడదామని. మాస్టారి కూతురంటే ఎంత పేరొస్తుంది."

"నవ్వుతోంది. స్పీడుగా నాన్నా అంటోంది. మీరు పోనిస్తున్నారు."

"నలభయ్యే."

"లోపలికొచ్చేటప్పుడు బోర్డు మీద ఇరవై అని లేదూ?"

"ఇంక చాలు, ఆపు."

"అది జింక కదా. నడిరోడ్డు మీద నిలబడింది. కదలట్లేదు. ఏమండీ, కదలట్లేదు అది. మీరు ఇంకా తీస్తూనే ఉన్నారు. వెయ్యండి. బ్రేకు వెయ్యండి. ఏం చేస్తున్నారు... ఈ చప్పుడేంటి? ఈ చప్పుడేంటండీ?"

"నేను ఫోన్లోంచి చూస్తున్నా. ఫోన్లో అది ఎక్కడో దూరంగా ఉన్నట్టు కనబడింది. నిజంగా. చిన్నగా, చాలా దూరంగా."

"నేనే గుద్దానమ్మా."

"నువ్వు ఊరుకో బుల్లీ."

"నాన్న తిప్పు తిప్పు అన్నాడు. ఎటు తిప్పాలో చెప్పలేదు."

"నువ్వు ఊరుకోమ్మా. ఇలా వచ్చి కూర్చో. బుడ్డోణ్ణి పట్టుకో. చచ్చిపోయిందా అది?"

"వెంటనే కాదు."

"వెంటనే కాదంటే ఏంటి?"

"కాసేపు కాళ్లు కొట్టుకుంది."

"మీరేం చేశారు?"

"పక్కకి లాగాను. రోడ్డు మీదుంటే ఎవరైనా చూస్తారని. పొదల్లోకి."

"కాళ్లు కొట్టుకుంటున్నదాన్ని లాగారా? బతికున్నదాన్ని కాళ్లు పట్టుకుని ఈడ్చుకుపోయారా?"

"ఏం చేయమంటావు మరి? అక్కడ డాక్టరున్నాడా? ఎలాగూ బతకదు. నేనేం కావాలని చేశానా?"

"పిల్ల చూసిందా?"

"కార్లోనే కూర్చోమన్నాను. వినదు కదా, దిగింది."

"నాన్న నిద్రపోతోంది అన్నాడమ్మా. నేను తల పట్టుకున్నా. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. కళ్లు తెరుచుకుని నిద్రపోతారా? తర్వాత ఇది లేచి వచ్చింది. గడ్డిలోంచి. వచ్చి వాళ్లమ్మ పొట్ట దగ్గర ముక్కు పెట్టింది. పాలకి. నాన్న పోదాం పోదాం అన్నాడు. దీన్ని తీసుకుంటేనే కారెక్కుతా అన్నాను."

"ఏం తండ్రండీ మీరు. కాపాడి తెచ్చామని నాకు ఫోను చేసింది ఇదేనా? కాపాడింది బుల్లి. మీరు దీన్ని కూడా వదిలేసి వచ్చేవాళ్లు."

"తెచ్చాం కదా చివరికి."

"ఆ చేతులు ఎక్కడ కడుక్కున్నారు?"

"ఏంటి?"

"చేతులు. ఎక్కడ కడుక్కున్నారు?"

"కార్లో నీళ్ల సీసాతో. ఎందుకు?"

"రాగానే బుడ్డోడికి బిస్కెట్టు పెట్టారు. ఆ చేతుల్తోనే. ముక్క విరిచి నోట్లో పెట్టారు, నేను చూసి మురిసిపోయాను. ఛీ. అసహ్యం వేస్తోంది. మీకంటే ఆ బాత్రూము గోడలు నయం, కడిగితే పోతాయి."

"నోటికొచ్చినట్టు మాట్లాడకు. పొరపాటు జరిగింది."

"గుద్దడం పొరపాటు, సరే. తర్వాత చేసినవన్నీ ఏంటి? పిల్లకి ఏం చెప్పి తీసుకొచ్చారు? చెప్పొద్దన్నారా?"

"చెబితే నాన్నని తీసుకెళ్లిపోతారు అన్నాడు. గడ్డిలో దొరికింది అనమన్నాడు. మూడుసార్లు అనిపించాడు."

"మూడుసార్లు అనిపించారా? లైసెన్సు పరీక్షకి పాఠం చెప్పినట్టు?"

"నీకు తెలీదు ఇది ఎంత పెద్ద కేసో. ఇది అభయారణ్యం. ఇక్కడ జింకని చంపితే బెయిలు కూడా రాదు. లైసెన్సు పోతుంది. స్కూలు మూతపడుతుంది. పన్నెండేళ్లు కష్టపడి..."

"అనుభవించండి. నేను చెబుతాను ఆయనకి. రాగానే చెబుతాను. ఆయన దీన్ని తీసుకుపోయి మూడో మలుపులో పెడితే, రాత్రంతా రాని తల్లి కోసం కదలకుండా పడుంటుంది. నక్కలు వచ్చినా లేవదు. అలా పడుకోవాలని దాని తల్లి నేర్పింది. తెలిసీ నేనూరుకుంటానా? మనిషి పుటక పుట్టాక కొంచెమన్నా సిగ్గుండాలి."

"చెప్పు. కానీ వాళ్లు మొదట అడిగేది ఒకటే, బండి ఎవరు నడిపారని."

"మీరని చెప్పండి."

"నేనని చెబుతా. ఇది ఊరుకుంటుందా? ఇందాకటి నుంచి నేనే గుద్దాను, నేనే గుద్దాను అంటోంది. అడగ్గానే అదే అంటుంది. కాగితం మీద రాసుకుంటారు. నాలుగు చోట్ల తిప్పుతారు. మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. ఎలా గుద్దావు, ఎంత స్పీడు, అది ఎలా పడింది అని."

"పిల్లని అడ్డం పెట్టుకుంటున్నారా? ఇంకెంత దిగజారతారు?"

"జరిగేది చెబుతున్నా."

"అమ్మా, నన్ను తీసుకెళ్తారా?"

"ఎవరూ తీసుకెళ్లరు. నువ్వు దేన్నీ గుద్దలేదు."

"గుద్దానమ్మా. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది."

"గుద్దలేదని చెప్పానా?"

"వీడియోలో ఉంది కదా. మా టీచరుకి తెలుస్తుందా?"

"ఎవరికీ తెలీదు. ఏడవకు. చూడు, తమ్ముడు భయపడుతున్నాడు."

"మరి దీన్ని ఆస్పత్రికి పంపుతారా? సీసాతో పాలు పడతారా?"

"పంపుతారమ్మా. నేను చెబుతానుగా."

"ఒట్టు?"

"ఒట్టు. కళ్లు తుడుచుకో. ఆయన వస్తున్నట్టున్నాడు. ఏమండీ, మీరు గోడ వైపు తిరిగి నిలబడండి. నాకు మీ ముఖం చూపించకండి."

"ఆ, రెండు బండ్లూ వచ్చాయి. డాక్టరుగారి డ్రైవరు తొందర పడుతున్నాడు, చీకటి పడితే ఆ ఘాట్ రోడ్డు దిగలేనంటాడు. ఏమ్మా, మాస్టారికి గుర్తొచ్చిందా?"

"ఆయన్ని అడక్కండి గార్డు గారూ. ఆయన నోట్లోంచి నిజం రాదు."

"చూస్తూనే ఉన్నానమ్మా. పాతికేళ్ల సంసారం నాదీ, ఆడవాళ్ల ముఖం చూస్తే తెలుస్తుంది ఇంట్లో ఎవరు నిజం చెబుతారో. అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. ఏ బండెక్కించాలి దీన్ని?"

"ఒక్కటి చెప్పండి. ఆస్పత్రికైతే ఊరికే పంపేస్తారా?"

"ఊరికే ఎలా పంపుతానమ్మా? వాళ్లమ్మ చచ్చిందని తెలిస్తేనే పంపాలి. చచ్చిందంటే ఎలా చచ్చిందో చూడాలి. రోగమా, వేటగాళ్లా, బండి కిందా. పై ఆఫీసరు వస్తాడు, పోలీసులొస్తారు. ఇక్కడున్నవాళ్లందర్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు."

"పిల్లల్ని కూడా?"

"ముందు పిల్లల్నే అడుగుతారు. వాళ్లు దాచలేరు కదా. ఏం, ఎందుకు అడుగుతున్నారు?"

"ఊరికే."

"గార్డు గారూ, నేను చెబుతున్నానుగా మూడో..."

"మీరు మాట్లాడకండి మాస్టారూ. మీ ఆవిడ కూడా వద్దంది. పాపా, నువ్వు రా. నీ పేరేంటో తర్వాత చెబుదువు గానీ, నాకొక్కటి చెప్పు. దీని అమ్మని చూశావా నువ్వు? భయపడకు. నేను కొట్టను, తిట్టను. నువ్వు నిజం చెబితే ఇది బతుకుతుంది, అంతే."

"అమ్మా, చెప్పనా?"

"నువ్వుండు బుల్లీ."

"అమ్మా, చెబుతానమ్మా."

"నిన్ను ఉండమన్నానా? ఇటు రా. నా పక్కన నిలబడు. గార్డు గారూ, పాప నాకు అంతా చెప్పింది. ఇందాక, మీరు బయటికెళ్లినప్పుడు."

"ఏమంది?"

"మూడో మలుపేనట."

"నిజంగా?"

"ఆ. ఆయన గొలుసు దాటి ఎక్కడికో పోయాడట, దానికి భయపడి తడబడ్డాడు. దీన్ని ఎత్తింది మాత్రం మూడో మలుపులోనే."

"అలా చెప్పండి. నేనూ అదే అనుకున్నా, ఏదో తప్పు చేసే ఉంటాడని. మరి వాళ్లమ్మ?"

"చూసిందట పాప. దూరంగా మేస్తోందట. కారు చప్పుడుకి బెదిరి గడ్డిలోకి పోయిందట."

"పాపేంటమ్మా, అలా ఏడుస్తోంది?"

"దీన్ని ఇంటికి తీసుకుపోదామని పేచీ. పిల్లలు కదా."

"మీరు చెప్పారు కాబట్టి నమ్ముతున్నానమ్మా. మాస్టారి మాటైతే నమ్మేవాణ్ణి కాదు. అయితే డాక్టరుగారి బండి పంపించేయనా?"

"పంపించేయండి. దీన్ని తీసుకెళ్లి అక్కడే పడుకోబెట్టండి, చీకటి పడకముందే. వస్తుందండీ. తల్లి కదా, పిల్లని వదిలి ఎక్కడికి పోతుంది."